హెల్మెట్‌తో సరిచూసిన తెలుపు

రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుందనగా, ఏప్రిల్ ఒకటో తారీఖున నాకొక ఆఫీసు ఆర్డరు అందింది. ప్లాంటు ఫోటో సెక్షన్ ఉన్న పాత భవనాన్ని మరమ్మతుల కోసం ఖాళీ చేస్తున్నందువల్ల, కలర్ ప్రింటరును, దాని కంప్యూటరును, కాగితాల పెట్టెలను తదుపరి ఉత్తర్వు వచ్చేదాకా సీనియర్ టెక్నీషియన్ బి. సూర్యారావు క్వార్టర్‌లో ఉంచాలనీ, నెలనెలా వీడ్కోలు సభకు కావలసిన ఫోటోలను ఆయన అక్కడే ప్రింటు తీసి అందజేయాలనీ దాని సారాంశం. ఆ సూర్యారావును నేనే. క్వార్టర్ భిలాయి ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 7లో. తదుపరి ఉత్తర్వు నేను రిటైరయ్యేదాకా రానే లేదు.

ప్రింటరు ఇంట్లోకి రావడం మా ఆవిడ సత్యవతికి నచ్చలేదు. “ముందుగదంతా దీనికే ఇచ్చేస్తే, వచ్చినోళ్ళని ఏటండీ, దీని నెత్తి మీద కూకోబెట్టమంటారా?” అంది. నాకు మాత్రం లోపల గర్వంగానే ఉంది. డార్క్‌రూమ్ హెల్పరుగా చేరి, రసాయనాల్లో చేతులు నానబెట్టి, కలర్ ల్యాబ్ పెట్టిన రోజూ మూసిన రోజూ చూసినవాణ్ణి. సెక్షన్‌లో మిగిలిన రంగు పని అంతా ఇప్పుడు నా ఇంట్లో, నా చేతికింద ఉంది.

వీడ్కోలు సభ గురించి చెప్పాలి. ప్రతి నెలా ఆఖరి పనిదినాన, ఆ నెల రిటైరయ్యేవాళ్ళను క్లబ్బు హాల్లో కూర్చోబెట్టి శాలువా, ప్రశంసాపత్రం, ఫ్రేము కట్టిన ఫోటో ఇస్తారు. ఫోటోలో మనిషి హెల్మెట్ పెట్టుకుని తన షాపు ముందు నిలబడి ఉంటాడు. షాపు అంటే దుకాణం కాదు, ప్లాంటులో ఒక్కొక్క విభాగాన్నీ షాపు అనే అంటారు. శాలువా ఎవరికో ఒకరికి పోతుంది. ప్రశంసాపత్రం బీరువాలో పడుతుంది. గోడ మీద మిగిలేది ఫోటో ఒక్కటే.

ఆ ఫోటోలో జనం ముందు చూసేది మొహం కాదు, హెల్మెట్. మా రోజుల్లో ఆఫీసర్లకు తెలుపు, ఆపరేటర్లకూ టెక్నీషియన్లకూ పసుపు, కాంట్రాక్టు కూలీలకు నీలం ఇచ్చేవారు. ఈ లెక్క తెలియని మనిషి ప్లాంటు చుట్టుపక్కల ఉండడు. చదువు రానివాళ్ళు కూడా షిఫ్టు విడిచినప్పుడు రోడ్డు మీద పోయే తలలను చూసి ఎవరెంతటివాళ్ళో చెప్పేస్తారు.

నా హోదా ప్రకారం నాకు పసుపు రావాలి. కానీ నా దగ్గర తెల్లది ఉండేది. ఫోటో సెక్షన్ వాళ్ళు పెద్ద అతిథుల వెంట, అధికారుల పక్కన తిరగాలి కనుక వెనకటి రోజుల్లో మాకు తెల్లవే ఇచ్చారు. తర్వాత ఆ పద్ధతి ఎత్తేశారు. హెల్మెట్‌ను కొన్నేళ్ళకొకసారి స్టోర్సులో ఇచ్చేసి కొత్తది తీసుకోవాలని సేఫ్టీ నియమం, ఎందుకంటే ఎండకీ వేడికీ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. కొత్తది తీసుకోబోతే గ్రేడు చూసి పసుపుది చేతిలో పెడతారని నాకు తెలుసు. అందుకే గడువు దాటినా నేను స్టోర్సు వైపు వెళ్ళలేదు. ఆ తెల్ల టోపీ నెత్తిన ఉంటే గేటు దగ్గర గార్డు సలాం కొట్టేవాడు. క్యాంటీన్‌లో గాజు గ్లాసుకు బదులు కప్పూ సాసరూ వచ్చేవి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు “సాబ్” అనేవారు. నేను కాదనేవాణ్ణి కాదు.

ఇక ప్రింటింగు సంగతి. ఇంట్లో ఫోటోలు ప్రింటు తీసుకునే ఎవరికైనా వచ్చే బాధలన్నీ మొదటి నెలలోనే నాకూ వచ్చాయి. మొదట మొహాలన్నీ కుంకుమ పూసినట్టు ఎర్రబడ్డాయి. చూస్తే, రంగు సరిచేసే పని కంప్యూటరూ చేస్తోంది, ప్రింటరూ చేస్తోంది. అత్తా కోడలూ చెరొకసారి ఉప్పు వేసిన పప్పులాగా తయారయింది. రెంటిలో ఒకదాన్ని ఆపాను, ఎరుపు పోయింది. తర్వాత ప్రింట్లు నల్లగా వచ్చాయి. అది తెర వెలుగు మరీ ఎక్కువగా పెట్టుకున్నందువల్ల. తెర మీద వెలుగుతో వెలిగేది కాగితం మీద వెలగదు. తెరను సగానికి తగ్గించాను. మే నెల ఎండలకు సిరా ఆరిపోయి ఫోటోలో అడ్డగీతలు పడ్డాయి. దానికి నాజిల్ చెక్ అని ఉంటుంది: ఒక కాగితం మీద ఒక్కో రంగుకీ సన్నని గళ్ళు గీయిస్తాం, ఏ రంగు గళ్ళు తెగితే ఆ సిరా రంధ్రం మూసుకుందన్నమాట. ప్రింటరు చేత దాని తలను శుభ్రం చేయిస్తే సరిపోతుంది. సిరా పూర్తిగా ఆరి రంగు కుదురుకోవడానికి ఒక రాత్రి పడుతుంది కనుక, ప్రింటును తెల్లారి చూడకుండా తీర్పు చెప్పకూడదని కూడా అప్పుడే నేర్చుకున్నాను.

ఇవన్నీ దాటాక అసలు ప్రశ్న మిగిలింది. రంగు సరిగా ఉందని దేన్ని చూసి చెప్పాలి? ల్యాబ్ రోజుల్లో గ్రే కార్డు ఉండేది. ఏ రంగూ కలవని బూడిద రంగు అట్టముక్క అది. దాన్ని పక్కన పెట్టి చూస్తే ఏ రంగు ఎక్కువైందో ఇట్టే తెలుస్తుంది. భవనం ఖాళీ చేసిన హడావిడిలో అది ఏదో ట్రంకు పెట్టెలో పడి స్టోర్సుకు పోయింది. వెతికించాలంటే అర్జీ పెట్టాలి. నేను పెట్టలేదు. ప్రతి ఫోటోలోనూ హెల్మెట్ ఎలాగూ ఉంటుంది, నా తెల్ల హెల్మెట్ గోడకు వేలాడుతూనే ఉంది. దాన్ని కిటికీ దగ్గర పెట్టి, తెర మీది తెల్ల హెల్మెట్ దానితో సరిపోయేదాకా రంగు జరిపేవాణ్ణి. ఆ అంకెలనే పసుపు హెల్మెట్ల ఫోటోలకూ వేసేవాణ్ణి. ఏడాదిన్నర పాటు ఇదే పద్ధతి. మొహాలు కాస్త పసిమిగా, ఆరోగ్యంగా వచ్చేవి. చూసినవాళ్ళు మెచ్చుకునేవారు. ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

ఆ తర్వాత రత్నరాజు వంతు వచ్చింది.

రత్నరాజూ నేనూ ప్లాంటులో ఒకే రోజున చేరాం. వాళ్ళది భీమిలి వైపు, వాడు పెరిగింది భిలాయిలోని కూలీల బస్తీ ఖుర్సీపార్‌లో. తండ్రి కాంట్రాక్టు కూలీగా నీలం టోపీతోనే పోయాడు. తల్లి సువార్తమ్మ గారు ఖుర్సీపార్ నుంచి ప్లాంటు గేటుకు పోయే రోడ్డు పక్కన ఇరవయ్యేళ్ళు ఇడ్లీలమ్మి పిల్లలను పెంచింది. రత్నరాజు ఐ.టి.ఐ. చదివి కోక్ ఓవెన్స్‌లో చేరాడు. బొగ్గును కాల్చి కోక్ చేసే షాపు అది, ప్లాంటులో అంతకన్నా వేడి, దుమ్ము ఉన్న చోట్లు తక్కువ. నేను డిగ్రీ చదివినవాణ్ణి, పైన ఫోటోగ్రఫీ డిప్లొమా. మొదటి నుంచీ వాడు నన్ను “గురూ” అనేవాడు. మా వైపు అది మామూలు పిలుపే, కానీ నేను దాన్ని అక్షరాలా తీసుకునేవాణ్ణి.

జూనియర్ ఆఫీసరు పరీక్ష అని ఒకటుంది. అందులో నెగ్గితే కార్మికుడు ఆఫీసరవుతాడు. రాతపరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. నేను మూడుసార్లు రాసి మూడుసార్లూ ఇంటర్వ్యూలో పోయాను. మూడోసారి రత్నరాజు కూడా నాతో రాశాడు. సాయంత్రాలు మా ఇంటికి వచ్చి నా దగ్గర ఇంగ్లీషులో నోట్ రాయడం నేర్చుకున్నాడు. “ఈ వాక్యం సరేనా గురూ?” అని ఒక్కొక్కటీ చూపించేవాడు. ఫలితాలు నోటీసు బోర్డు మీద పెట్టిన రోజున వాడి పేరు ఉంది, నా పేరు లేదు. తన రిటైర్మెంటుకు ఇంకా పదకొండు నెలలుందనగా రత్నరాజు ఆఫీసరయ్యాడు.

వాడు మిఠాయి తెచ్చి నా కాళ్ళకు దండం పెట్టబోయాడు. నేను లేవదీసి కౌగిలించుకున్నాను. వాడు వెళ్ళాక మిఠాయి ముట్టుకోలేదు. సత్యవతి ఒకటి నోట్లో వేసుకుని, “బాగానే ఉంది, తినండి, చేదుగా లేదు” అంది. ఆవిడకు నా లోపల ఏముందో తెలుసు. దాపరికం ఎందుకు, నాకు ఒళ్ళంతా మండింది. నేను దిద్దిన వాక్యాలతో వాడు గట్టెక్కాడు, దిద్దిన నేను ఒడ్డునే ఉండిపోయాను. ఆ పదకొండు నెలలూ కోక్ ఓవెన్స్‌లో ఏ ఫోటో పని పడినా, జూనియర్‌ను పంపి నేను తప్పించుకున్నాను.

వీడ్కోలు ఫోటో మాత్రం తప్పించుకోలేకపోయాను. అది నేనే తీయాలి. ఇరవయ్యో తారీఖున వెళ్ళాను. వాడు బ్యాటరీ ముందు, అంటే ఓవెన్ల వరస ముందు, నిలబడ్డాడు. జేబులోంచి ఉతికిన రుమాలు తీసి హెల్మెట్‌ను ఒకటికి రెండుసార్లు తుడిచి పక్కనున్న రెయిలింగు మీద పెట్టాడు. పదకొండు నెలలు కోక్ ఓవెన్స్‌లో ఉన్న టోపీ అంత శుభ్రంగా ఎలా ఉంచాడో నాకర్థం కాలేదు. నేను నా టోపీ తీసి దాని పక్కనే పెట్టి కెమెరా సర్దుకుంటుంటే, వాడు నా టోపీ వైపు ఒకసారి చూసి, తనది తీసి నెత్తిన పెట్టుకున్నాడు. “గురూ, మా అమ్మ కోసం. కాస్త బాగా తియ్యి” అన్నాడు.

ఇంటికొచ్చి ఫోటోను తెర మీద తెరిచాను. వాడి హెల్మెట్ నీలం కొడుతున్నట్టు కనిపించింది. కోక్ ఓవెన్స్ దగ్గర నీడలో తీశాను కనుక నీలి ఛాయ సహజమే అనుకున్నాను. నా హెల్మెట్ కిటికీలో పెట్టి, రంగును మామూలుగా జరిపేదానికన్నా ఇంకో రెండు మెట్లు ఎక్కువ జరిపాను. రెండూ సరిపోయాయి. ప్రింటు తీసి, తెల్లారి చూసి, ఫ్రేము కట్టించి పంపాను.

సభ అయిన మూడో రోజున రత్నరాజు ఫ్రేమును గుడ్డలో చుట్టుకుని మా ఇంటికి వచ్చాడు. విషయం చెప్పడానికి మొహమాటపడ్డాడు. వాళ్ళమ్మ ఇప్పుడు భిలాయి పక్క ఊరు కుమ్హారిలో కూతురింట్లో ఉంటోంది. నడవలేని మనిషి కనుక సభకు రాలేదు. కొడుకు ఆఫీసరయ్యాడని ఫోనులో విన్నదే తప్ప చూసింది లేదు. హెల్మెట్ ఏనాడూ షాపు లాకరు దాటి ఇంటికి రాలేదు. రిటైరయ్యేటప్పుడు లాకరు తాళంతో పాటు దాన్నీ ఒప్పజెప్పి వచ్చేశాడు. ప్రశంసాపత్రం చదవడం ఆవిడకు రాదు. ఆవిడకు చూపించడానికి మిగిలింది ఈ ఫోటో ఒక్కటే.

“సూసి పక్కన పెట్టేసింది గురూ. పసుపు టోపీయే గదరా, ఎందుకురా నాకు అబద్దం సెప్పినావు అంటంది” అన్నాడు. “కాదమ్మా అంటే యినదు. ఇరవయ్యేళ్ళు టోపీలు సూసి ఇడ్లీలేసిన దాన్ని, నాకు సెప్తావేట్రా అంటంది. రెండ్రోజుల్నుంచి నాతో మాట్లాట్లేదు.”

ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు. ఎక్కడో చల్లగా ఉంది. దాన్ని దాచుకోవడానికి కోపం తెచ్చుకున్నాను. ముప్పయ్యేళ్ళకు పైగా రంగులు చూసినవాణ్ణి, నా ప్రింటుకు వంక పెడతావా అన్న ధోరణిలో మాట్లాడాను. అంతటితో ఆగినా బాగుండేది. “పదకొండు నెలల తెలుపు కదా రత్నరాజూ, గట్టిగా అంటుకుని ఉండదులే” అన్నాను.

వాడు నవ్వాడు. “అదీ నిజమేలే గురూ. ఒక్కసారి సూడు, పని కాపోతే ఒగ్గేద్దాం” అని ఫ్రేము టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. లోపల్నుంచి సత్యవతి వచ్చి, ఫ్రేమును ఒకసారి, నన్ను ఒకసారి చూసి, టీ కప్పు చప్పుడయ్యేలా పెట్టి వెళ్ళింది.

అన్న మాటకు సిగ్గుపడి, ఆ ప్రింటు పని మొదలుపెట్టాను. పద్ధతి ప్రకారం అన్నీ చూశాను. నాజిల్ చెక్ తీశాను, గళ్ళన్నీ నిండుగా ఉన్నాయి. కాగితం రకం సరిచూశాను. మెరిసే కాగితం పెట్టి మామూలు కాగితం అని చెబితే ప్రింటరు సిరా తప్పుగా పోస్తుంది. అదీ సరిగానే ఉంది. పాత సిరా డబ్బా మార్చి కొత్తది పెట్టాను. రంగు సరిచేసే పని ఒక్కచోటే జరుగుతోందని మళ్ళీ నిర్ధారించుకున్నాను. మొత్తం ఆరు ప్రింట్లు తీశాను. ఆరూ ఒకేలా వచ్చాయి, ఆరూ నా హెల్మెట్‌తో సరిపోయాయి.

కావాలంటే కంప్యూటరులో టోపీ వరకే చుట్టూ గీత గీసి, దాన్ని ఒక్కదాన్నే తెల్లగా చేసేయొచ్చు. నిమిషం పని. అలా చేయడం రంగు సరిచేయడం కాదు, రంగు పూయడం అని నాకు నేను చెప్పుకున్నాను. నియమం మంచిదే. కానీ ఆ రోజు ఆ నియమాన్ని పట్టుకున్న చేయి అంత మంచిది కాదు. వాడి టోపీ తెల్లబడకపోవడం నాకు ఇష్టంగానే ఉంది.

ప్రింటు తప్పు కాదు కనుక తప్పు చూసేచోట ఉండాలి. పసుపు బల్బు కింద చూస్తే తెలుపు పసుపుగానే కనిపిస్తుంది, లేదంటే ముసలావిడ కళ్ళకు శుక్లాలు ఉండి ఉంటాయి. ఇలా తీర్మానించుకుని, వెళ్ళి రుజువు చేసి వద్దామని ఆదివారం మధ్యాహ్నం స్కూటరు మీద కుమ్హారి బయలుదేరాను. ఫ్రేము ముందు పెట్టుకున్నాను. సాక్ష్యం కోసం నా హెల్మెట్‌ను సంచిలో వేసుకున్నాను.

వాళ్ళు అప్పుడే చర్చి నుంచి వచ్చి భోజనాలు చేశారు. సువార్తమ్మ గారు తెల్లచీరలో వరండాలో నవారు మంచం మీద కూర్చుని ఉంది. రత్నరాజు కుర్చీ వేశాడు. కళ్ళ గురించి మెల్లగా అడిగాను. రెండు కళ్ళకూ ఆపరేషన్ అయిందనీ, ఇప్పుడు సూదిలో దారం కూడా ఎక్కిస్తోందనీ కూతురు చెప్పింది. సరే, నాకు ఇంకా బల్బు మిగిలి ఉంది. ఫోటోను లోపలి లైటు కింద చూడకూడదనీ, పగటి వెలుగులో నీడపట్టున చూడాలనీ, మనిషి కన్ను వెలుగును బట్టి మోసపోతుందనీ అందరికీ వివరంగా చెప్పాను. చెబుతుంటే హుషారొచ్చింది. ఫ్రేమును వరండా గోడకు ఆనించి, సంచిలోంచి నా హెల్మెట్ తీసి ఫోటో పక్కనే పట్టుకున్నాను.

“చూడండమ్మా, ఇది తెల్ల హెల్మెట్. ఫోటోలో ఉన్నదీ ఇదే రంగు. ఏమైనా తేడా ఉందా?”

ఆవిడ ముందుకు వంగి రెంటినీ మార్చి మార్చి చూసింది.

“తేడా ఏటీ నేదు బాబూ. రెండూ ఒకటే. రెండూ పసుపే” అంది. నా మొహం చూసి మర్యాదగా అడిగింది. “నువ్వు కూడా ఆపరేటరువేనేటి బాబూ?”

నేను హెల్మెట్ కిందికి దించాను. దించినప్పుడు అది ఆవిడ మోకాలి దగ్గరికి, ఆ తెల్లచీర పక్కకి వచ్చింది. పగటి వెలుగు, నీడపట్టు, నేను ఇంతకుముందే చెప్పిన షరతులన్నీ ఉన్నాయి. చీర తెల్లగా ఉంది. నా హెల్మెట్ మా క్వార్టర్‌లోని పాత స్విచ్‌బోర్డు రంగులో ఉంది. ప్లాస్టిక్ ఒక్కరోజులో పసుపెక్కదు. ఏడాది ఏడాదికీ కాస్త కాస్త ఎక్కింది, దాన్ని రోజూ చూసే నా కన్ను దానితో పాటే జరుగుతూ వచ్చింది.

“అమ్మా, ఆయన పెద్ద ఫోటోగ్రాఫరు, ఊరుకో” అన్నాడు రత్నరాజు. నేను ఆపరేటరును కాననీ, టెక్నీషియన్‌ననీ, ఆ గ్రేడుకు పసుపు టోపీయే వస్తుందనీ ఆవిడతో చెప్పాను. తప్పు ఫోటోలో ఉందనీ, మీ అబ్బాయి చెప్పింది నిజమేననీ, వారంలో వేరే ప్రింటు తెస్తాననీ అన్నాను. ఆవిడ నమ్మినట్టు కనిపించలేదు. “సర్లే బాబూ, మజ్జిగ తాగు” అంది.

స్కూటరు దాకా రత్నరాజు వెంట వచ్చాడు. కాసేపు సీటు మీద దుమ్ము దులిపాడు.

“కోక్ ఓవెన్ కాడ నాను సూసినాను గురూ. నీ టోపీ రెయిలింగు మీద పెట్టినావు గదా, నాది పక్కనే ఉంది. సెప్తే నొచ్చుకుంటావని ఊరుకున్నాను. నువ్వే కనిపెడతావనుకున్నాను.”

వాడు ఎగతాళి చేసి ఉంటే తట్టుకునేవాణ్ణి. తిట్టినా బాగుండేది. పరీక్షలో నా కన్నా ముందున్నాడు, ఇప్పుడు మనిషితనంలో కూడా ముందే ఉన్నాడా అని దారి పొడవునా మళ్ళీ అదే మంట. కుమ్హారి నుంచి సెక్టర్ 7 వచ్చేదాకా అది తగ్గలేదు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే ఒక సంగతి తేలింది. వాడి హెల్మెట్ తెర మీద నాకు నీలంగా కనిపించింది కదా, నిజానికి అది తెలుపు. నీడలో తీశాను కనుక నీలి ఛాయ అని సాకు వెతుక్కున్నాను. రెయిలింగు మీద రెండు టోపీలూ పక్కపక్కన ఉన్నప్పుడు వాడు చూశాడు, నేను చూడలేదు. రంగులు చూడటమే ఉద్యోగంగా బతికినవాణ్ణి నేను. వాడి టోపీ నా టోపీకన్నా తెల్లగా ఉండడానికి వీల్లేదని నా కన్ను ముందే తీర్మానించుకుంది. అంతకుముందు వెళ్ళిన ఆఫీసర్ల టోపీలు కూడా నా చేతిలో పసుపెక్కే వెళ్ళాయి. వాళ్ళు పట్టించుకోలేదు, ఎందుకంటే ముప్పయ్యేళ్ళు ఆఫీసరుగా ఉన్నవాడికి టోపీ రంగుతో పని లేదు. పదకొండు నెలలు ఉన్నవాడికి ఉంది.

మర్నాడు స్టోర్సుకు అర్జీ పెట్టాను. ట్రంకులో గ్రే కార్డు దొరికింది. దాన్ని కిటికీలో పెట్టి అన్ని అంకెలూ మొదటి నుంచి సరిచేసి, రత్నరాజు ఫోటో ప్రింటు తీశాను. తెల్లారి చూశాను. మొహంలో మునుపటి పసిమి తగ్గింది, కోక్ ఓవెన్స్ మసి చారలు బయటపడ్డాయి, హెల్మెట్ మాత్రం తెల్లగా ఉంది. సత్యవతి వంటింట్లోంచి వచ్చి చూసి, “ఇప్పుడు రత్నరాజులా ఉన్నాడు. మొన్నటి దాంట్లో ఎవరో పెళ్ళికొడుకులా ఉండేవాడు” అంది.

అదే రోజు మా డిప్యూటీ మేనేజరుకు ఒక నోట్ పెట్టాను. రిఫరెన్సుగా వాడిన వస్తువు కాలక్రమంలో రంగు మారినందున, గత పద్దెనిమిది నెలల ప్రింట్లలో పసుపు ఛాయ వచ్చిందనీ, కోరినవారికి మళ్ళీ ప్రింటు తీసి ఇవ్వగలననీ రాశాను. ఆ వస్తువు ఏమిటో, దాన్ని ఎందుకు మార్చలేదో రాయలేదు. ఆయనా అడగలేదు. మళ్ళీ ప్రింటు కావాలని వచ్చినవాళ్ళు నలుగురే.

ఆ తర్వాత హెల్మెట్ పట్టుకుని స్టోర్సు కౌంటరుకు వెళ్ళాను. గుమాస్తా దాన్ని తిప్పి లోపల అచ్చుపడిన సంవత్సరం చూసి, “అరే రావుజీ, యే తో మ్యూజియం వాలా హై” అన్నాడు, ఇది మ్యూజియంలో పెట్టాల్సినది అని. రిజిస్టరులో నా గ్రేడు చూసి, వెనక అరలోంచి పసుపుది తీసి ఇచ్చాడు. ఇన్నాళ్ళూ అలవాటుకొద్దీ సలాం కొట్టిన గార్డు ఆ సాయంత్రం గేటు దగ్గర నన్ను చూశాడు, చేయి ఎత్తలేదు. మర్నాడు క్యాంటీన్‌లో టీ గాజు గ్లాసులో వచ్చింది. టీ అదే టీ. అయినా ఆ గ్లాసు పట్టుకున్నప్పుడు వేళ్ళు కాలడం నాకు చాలా రోజులు అలవాటు కాలేదు.

కొత్త ప్రింటు రత్నరాజే వచ్చి పట్టుకెళ్ళాడు. వాళ్ళమ్మ ఏమందో వారం తర్వాత చెప్పాడు. ఆవిడ ఫోటోను వరండాలోకి తెప్పించుకుని, నేను చెప్పినట్టే నీడపట్టున పెట్టి, తన చీర కొంగు పక్కన పట్టుకుని చూసిందట. కొడుకును దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి వేసిందట. ఆపైన, “ఆ ఫోటో బాబు టోపీ మార్సుకున్నాడా?” అని అడిగిందట.

ఈ ఉదంతం నుంచి పనికొచ్చే విషయం ఒక్కటే. ఇంట్లో ఫోటో రంగు తేడా వస్తే సిరా, కాగితం, తెర, వెలుగు అన్నీ చూడాల్సిందే, కానీ అన్నిటికన్నా ముందు దేనితో పోల్చి చూస్తున్నామో దాన్ని చూడాలి. పోల్చే వస్తువు మన సొంతది కాకూడదు. అది ఎలా ఉండాలో మనకు ముందే ఒక కోరిక ఉన్నదైతే అసలే కాకూడదు. నా తర్వాత సెక్షన్‌కు వచ్చినవాళ్ళకు గ్రే కార్డు అప్పగించేటప్పుడు ఇదే చెప్పాను. హెల్మెట్ కథ చెప్పలేదు. అసూయ పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ కుమ్హారి వెళ్ళి ఆ గోడ మీది ఫోటో చూస్తే లోపల ఎక్కడో చురుక్కుమంటుంది. ప్రింటు మాత్రం బాగుంది.

మరో ఏడాదిన్నరకు నా వంతు వచ్చింది. నా ఫోటో జూనియర్ తీశాడు, ప్రింటు నేనే తీసుకున్నాను. టోపీ లేకుండా కూడా తీయించుకోవచ్చు, ఫోటో సెక్షన్ వాళ్ళకు ఆ వెసులుబాటు ఉంది. పెట్టుకునే తీయించుకున్నాను. గ్రే కార్డుతో సరిచూసి, తెల్లారేదాకా ఆగి, కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. హెల్మెట్ పసుపు. రెండో ప్రింటు తీయాల్సిన అవసరం రాలేదు.